బకెట్ లిస్టులో ఒక్కోదానికీ టిక్ పెట్టుకుంటూ వెళ్లడం ఎలా?

చాలామంది దగ్గర, బతికుండగా ఒక్కసారైనా చేయాలనుకున్న పనుల జాబితా, అంటే బకెట్ లిస్టు, ఒకటి ఉంటుంది. డైరీ చివరి పేజీలోనో, ఫోన్ నోట్స్‌లోనో, అదీ లేకపోతే మనసులోనో. ఈత నేర్చుకోవాలి, ఒక్కసారైనా మంచు కురుస్తుంటే చూడాలి, అమ్మని విమానం ఎక్కించాలి, ఒక్కణ్ణే ఏదైనా కొత్త ఊరు వెళ్లి రావాలి, స్టేజీ ఎక్కి పాడాలి. రాసేటప్పుడు ఉత్సాహం పొంగుకొస్తుంది. ఏడాది తర్వాత తీసి చూస్తే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంటుంది.

డబ్బు లేక, తీరిక లేక ఇలా జరుగుతుందని అనుకుంటాం. కొంతవరకు నిజమే. మరి డబ్బు అక్కర్లేనివి, అరపూటలో అయిపోయేవి కూడా అలాగే పడి ఉంటున్నాయి కదా? సుజాన్ షు, అయలెట్ గ్నీజీ అనే ఇద్దరు పరిశోధకులు 2010లో దీని మీద ఒక అధ్యయనం ప్రచురించారు. కొంతమందికి గిఫ్ట్ కూపన్లు ఇచ్చారు. కొందరికి మూడు వారాల గడువు, ఇంకొందరికి రెండు నెలలు. గడువు ఎక్కువ ఉన్నవాళ్లే ఎక్కువగా వాడుకుంటారని ఎవరైనా అనుకుంటారు. చివరికి చూస్తే మూడు వారాల వాళ్లలో 31 శాతం మంది వాడుకున్నారు, రెండు నెలల వాళ్లలో 6 శాతం మందే. ఆ పరిశోధకులే ఇంకో సంగతి కూడా గమనించారు. ఒక నగరానికి కొత్తగా మారినవాళ్లు మొదటి ఏడాదిలో చూసిన చోట్ల కంటే, రెండు వారాల కోసం వచ్చిన టూరిస్టులు చూసినవే ఎక్కువట. ఆ ఊరు వదిలి వెళ్లిపోయే ముందు మాత్రం అందరూ హడావుడిగా అన్నీ చుట్టేస్తారు. పెరటి చెట్టు మందుకి పనికిరాదని మనవాళ్లు ఊరికే అనలేదు.

కష్టమైన పనులు వాయిదా వేస్తామని మనకి తెలుసు. ఇష్టమైనవి కూడా అంతే సులువుగా వాయిదా వేస్తాం. కరెంటు బిల్లు కట్టకపోతే ఫైన్ పడుతుంది. ఈత నేర్చుకోకపోతే ఎవరూ ఏమీ అనరు. అందుకే ఈ కింద చెప్పేదంతా ఒకే పని కోసం: జాబితాలో ఉన్న ప్రతి కోరికకీ ఒక తేదీ, ఆ తేదీకి ముందు చేయాల్సిన ఒక చిన్న పని దొరికేలా చూడడం.

1. జాబితా మీదే అయ్యుండాలి

ఒక గంట ఫోన్ పక్కన పెట్టి, కాగితం మీద రాయండి. 'తప్పక చూడాల్సిన వంద చోట్లు' లాంటివి ముందే చదవకండి. చదివారంటే మీ కోరికలు బయటికి రాకముందే ఎవరివో వచ్చి వాటి చోట కూర్చుంటాయి. ఏం రాయాలో తోచకపోతే ఈ ప్రశ్నలు వేసుకోండి. పదేళ్ల వయసులో ఏం చేయాలని తెగ ఉండేది? ఎవరిని చూస్తే కాస్త అసూయ కలుగుతుంది, వాళ్లు చేసే ఏ పనిని చూసి? 'నాకు రాదులే' అని ఏళ్లుగా తప్పించుకుంటున్నది ఏది? ఈ మూడింట్లో అసూయ ప్రశ్నే అన్నిటికంటే నిజాయితీగా జవాబు చెబుతుందని నా నమ్మకం. మనకి అక్కర్లేనిదాన్ని చూసి మనం అసూయపడం.

రాయడం అయ్యాక ఒక్కోదాని దగ్గర ఆగి ఇలా అడగండి: 'ఫోటో తీయకూడదు, ఎవరికీ చెప్పకూడదు అంటే అప్పుడు కూడా ఇది చేస్తానా?' చేయను అనిపిస్తే మొహమాటం లేకుండా కొట్టేయండి. చాలామంది జాబితాల్లో పారాగ్లైడింగ్, స్కైడైవింగ్ ఉంటాయి. వాళ్లలో కొందరికి నిజంగా కావలసింది ఎవరూ పిలవని ఒక ఖాళీ ఆదివారం. అది కూడా రాసుకోవచ్చు, తప్పేం లేదు.

చిన్నవాటిని చిన్నచూపు చూడకండి. జాన్ గాడర్డ్ అనే అమెరికన్ 1940లో, పదిహేనేళ్ల వయసులో, 127 కోరికలతో ఒక జాబితా రాసుకున్నాడు. నైలు నది పొడవునా ప్రయాణించడం, ఎవరెస్ట్ ఎక్కడం, చంద్రుడి మీదికి వెళ్లడం అందులో ఉన్నాయి. వాటి పక్కనే నిమిషానికి 50 పదాలు టైప్ చేయడం, ఫ్లూట్ వాయించడం కూడా ఉన్నాయి. నైలు నది పొడవునా చిన్న పడవల్లో నిజంగానే ప్రయాణించాడు. 2013లో చనిపోయే నాటికి ఆ జాబితాలో వందకి పైగా పూర్తయ్యాయి. ఎవరెస్ట్, చంద్రుడు మిగిలిపోయాయి. పెద్దవీ చిన్నవీ ఒకే కాగితం మీద ఉండడం వల్ల ఏ వయసులోనైనా, జేబులో ఎంత ఉన్నా, చేయడానికి ఏదో ఒకటి అతని ముందు ఉండేది.

2. టిక్ పెట్టడానికి వీలుగా రాయండి

'ప్రపంచం చుట్టాలి', 'ఫిట్‌గా ఉండాలి', 'ప్రకృతికి దగ్గరగా బతకాలి'. వీటికి ఏ రోజు టిక్ పెడతారు? ఎప్పటికీ పెట్టలేరు. 'ఫిట్‌గా ఉండాలి' కొట్టేసి 'ఆగకుండా 5 కిలోమీటర్లు పరుగెత్తాలి' అని రాయండి. అది అయ్యాక 10, ఆ తర్వాత కావాలంటే 42.195 కిలోమీటర్ల మారథాన్. 'సంగీతం నేర్చుకోవాలి' బదులు 'నాకిష్టమైన ఒక్క పాట కీబోర్డు మీద మొదటి నుంచి చివరి దాకా వాయించి ఇంట్లోవాళ్లకి వినిపించాలి' అని రాయండి. చదవగానే ఆ సాయంత్రం కళ్లముందు కనిపించాలి.

ఇంకో చిట్కా. ఫలితం మీ చేతిలో లేనివాటిని, మీ చేతిలో ఉన్నంత మేరకు మార్చి రాసుకోండి. 'నార్తర్న్ లైట్స్ చూడాలి' (ఉత్తర ధ్రువం వైపు రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులు, వీటినే అరోరా అంటారు) అని రాస్తే, అంత దూరం వెళ్లినప్పుడు మబ్బు పడితే ఓడిపోయినట్టే. 'అరోరా కనిపించే ప్రాంతంలో సెప్టెంబరు, మార్చి మధ్య నాలుగు రాత్రులు గడపాలి' అని రాస్తే మీరు చేయాల్సింది మీరు చేసినట్టు. ఆ నెలలే ఎందుకంటే, నడి వేసవిలో ఉత్తరాన ఉన్న ఆ దేశాల్లో రాత్రి సరిగ్గా చీకటే పడదు. ఆకాశంలో అరోరా ఉన్నా కంటికి ఆనదు.

3. ముందు గడువు ఉన్నవాటిని గుర్తించండి

ఎక్కువమంది తక్కువ ఖర్చు నుంచి ఎక్కువ ఖర్చుకి వరస పెడతారు. నేనైతే గడువును బట్టి పెట్టమంటాను. ప్రతి కోరిక పక్కన ఒక కాలమ్ గీసి, 'ఇది ఎప్పటిదాకా ఆగుతుంది?' అని రాయండి.

కొన్నిటికి గడువు పెట్టేది మన ఒళ్లు. మోకాళ్లు, నడుము, ఊపిరి. ఎత్తైన ట్రెక్కులు, సైకిల్ యాత్రలు, నేల మీద పడుకునే క్యాంపింగ్ ఎప్పుడైనా చేయగలిగేవి కావు. మ్యూజియంలు, రైలు ప్రయాణాలు, కొత్త భాష, వాటర్ కలర్స్ ఇంకో ఇరవై ఏళ్లయినా ఆగుతాయి. రెండిటినీ ఒకే తరహాలో 'రిటైర్ అయ్యాక' అనే సంచీలో వేయకండి.

కొన్నిటికి గడువు మనుషుల్ని బట్టి ఉంటుంది. పిల్లలు మీ చెయ్యి పట్టుకుని జూకి రావడానికి ఉబలాటపడే వయసు కొన్నాళ్లే. తర్వాత వాళ్ల స్నేహితులు వాళ్లకి ఉంటారు. అమ్మానాన్నలు సముద్రం ఒడ్డున కాసేపు నడవగలిగే రోజులు కూడా అంతే. ఈ విషయంలో నేను గట్టిగా చెబుతాను: జాబితాలో అమ్మానాన్నల పేరు పక్కన ఉన్నది ఏదైనా సరే, ఖర్చెంతైనా, మీకు అది అంత ఆసక్తిగా లేకపోయినా, పైకి తీసుకురండి. వాళ్లని అడిగితే 'ఇప్పుడెందుకురా, ఖర్చు' అంటారు. అడగకుండా తేదీ పెట్టి, 'ఫలానా రోజు బయల్దేరుతున్నాం' అని చెప్పండి. మొదట గొణుగుతారు, ఆ తర్వాత బ్యాగు సర్దుకునేది అందరికంటే ముందు వాళ్లే.

ఇక మూడో రకానికి గడువు క్యాలెండరే నిర్ణయిస్తుంది. సంపూర్ణ సూర్యగ్రహణం దీనికి మంచి ఉదాహరణ. 2027 ఆగస్టు 2న స్పెయిన్ దక్షిణ కొస నుంచి ఉత్తర ఆఫ్రికా మీదుగా నీడ సాగుతుంది. ఈజిప్టులో లక్సర్ దగ్గర 6 నిమిషాలకు పైగా సూర్యుడు పూర్తిగా మాయమవుతాడు. సంపూర్ణ గ్రహణాల్లో చాలావాటికి ఇంత సమయం దక్కదు. 99 శాతం కప్పేసిన చోట నిలబడితే 99 శాతం అనుభవం దక్కుతుందనుకోకండి. మిగిలిన ఆ ఒక్క శాతం సూర్యుడే పగలుని పగలులా ఉంచుతాడు. నీడ సరిగ్గా నడినెత్తిన పడే ఆ ఇరుకు పట్టీలో నిలబడినవాళ్లకే సూర్యుడి చుట్టూ ఉండే కరోనా అనే వెలుగు వలయం కనిపిస్తుంది, పట్టపగలు చుక్కలు కనిపిస్తాయి. ఆ పట్టీలో గదులు చాలా ముందే నిండిపోతాయి. ఇలాంటివి జాబితాలో ఉంటే తేదీ ఎలాగూ సిద్ధంగా ఉంది. మీరు చేయాల్సిందల్లా వెనక్కి లెక్కేసుకుని టికెట్లు ఎప్పుడు కొనాలో, సెలవు ఎప్పుడు అడగాలో రాసుకోవడమే.

4. కోరికని కాదు, మొదటి పనిని పట్టుకోండి

'ఈత నేర్చుకోవాలి' అనేది పని కాదు. ఆ మాట చూసినప్పుడల్లా మనసు 'సరే, తర్వాత' అంటుంది, ఎందుకంటే అందులో ఎక్కడ మొదలు పెట్టాలో లేదు. 'దగ్గర్లోని స్విమ్మింగ్ పూల్‌కి ఫోన్ చేసి పెద్దవాళ్లకి బ్యాచ్ ఎన్నింటికో కనుక్కోవాలి'. ఇది పని. ఐదు నిమిషాలు పడుతుంది. ప్రతి కోరిక కిందా ఇలాంటి ఒకే ఒక్క పని రాయండి. పది అక్కర్లేదు. మొదటిది అయ్యాక రెండోది దానంతటదే తెలుస్తుంది.

ఆ పనిని ఎప్పుడు, ఎక్కడ చేస్తారో కూడా జత చేయండి. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి పరిశోధించింది ఇదే. 'చేస్తాను' అనుకోవడం కంటే 'ఫలానా సందర్భం రాగానే ఫలానాది చేస్తాను' అనుకున్నప్పుడు పని జరిగే అవకాశం బాగా పెరుగుతుంది. 'శనివారం పొద్దున కాఫీ తాగి కప్పు కింద పెట్టగానే పూల్‌కి ఫోన్ చేస్తాను' అని రాసుకోండి. కప్పు కింద పెట్టగానే ఫోన్ గుర్తొస్తుంది.

ఈత సంగతి వచ్చింది కాబట్టి కాస్త దగ్గరగా చూద్దాం. పెద్దయ్యాక నేర్చుకోవాలనుకునేవాళ్ల జాబితాల్లో ఇది తరచూ కనిపిస్తుంది, మధ్యలో మానేసేవాళ్లూ ఎక్కువే. నేనూ పెద్దయ్యాకే నేర్చుకున్నాను. మొదటి రోజుల్లో అందరూ చేసే పని ఒకటే: నీళ్లలో ముఖం పెట్టి ఊపిరి బిగబట్టడం. గుండెల్లో గాలి అలాగే ఉండిపోతుంది, తల బయటికి ఎత్తిన ఆ ఒక్క క్షణంలో వదలడమూ పీల్చడమూ రెండూ చేయాలని చూస్తాం, కుదరదు, భయం వేస్తుంది. అందుకని చేతులు కాళ్ల సంగతి తర్వాత. ముందు గోడ పట్టుకుని నిలబడి, ముఖం నీళ్లలో పెట్టి, ముక్కుతో బుడగలు వచ్చేలా నెమ్మదిగా గాలి వదలండి. తల పక్కకి తిప్పి నోటితో పీల్చండి. మళ్లీ ముఖం నీళ్లలోకి. ఇది మాట్లాడుతూ ఊపిరి తీసుకున్నంత మామూలుగా అయ్యేదాకా ఇంకేమీ చేయకపోయినా నష్టం లేదు. తర్వాత నీటి మీద తేలడం, గోడని తన్ని జారడం, కాళ్లు ఆడించడం, చివర్లో చేతులు. టిక్ ఎక్కడ పెట్టాలో కూడా ముందే రాసుకోండి. 25 మీటర్ల పూల్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి ఎక్కడా కాలు ఆనించకుండా దాటడం మంచి గుర్తు. కోచ్ లేకుండా, లైఫ్‌గార్డ్ లేని చోట మాత్రం నేర్చుకోవద్దు.

5. క్యాలెండర్‌లో చోటు ఇవ్వండి

నెలకి ఒకటి చిన్నది, మూడు నెలలకోసారి ఒక రోజంతా పట్టేది, ఏడాదికి ఒకటి పెద్దది. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు ఉన్నవాళ్లకి ఈ లెక్క సరిపోతుంది. నెలలో ఒక రోజు, ఉదాహరణకి రెండో ఆదివారం, ముందే కేటాయించండి. ఏం చేయాలో తర్వాత నిర్ణయించుకోవచ్చు, రోజు మాత్రం ఖరారు. ఎవరైనా ఆ రోజు ఏదైనా పెడితే 'ఆ రోజు నాకు పని ఉంది' అనండి. అబద్ధం కాదు, నిజంగానే పని ఉంది.

తేదీకి కొంత బరువు కూడా కావాలి. టికెట్ కొనడం, అడ్వాన్స్ కట్టడం, తోడు వచ్చేవాళ్లకి మాట ఇవ్వడం, వీటిలో ఏదో ఒకటి జరిగితే తప్ప క్యాలెండర్‌లో రాసుకున్నది నిలవదు. పరుగు నేర్చుకోవాలంటే ముందు ఒక 5 కిలోమీటర్ల రేసుకి రిజిస్టర్ చేసుకుని తర్వాత ప్రాక్టీస్ మొదలు పెట్టండి. ఎప్పుడూ పరుగెత్తనివాళ్ల కోసం తొమ్మిది వారాల శిక్షణ ప్లాన్లు ఉచితంగా దొరుకుతాయి. నిమిషం పరుగు, నిమిషంన్నర నడక దగ్గర మొదలై, మెల్లగా అరగంట పరుగు దాకా తీసుకెళ్తాయి. కాబట్టి రేసు తేదీ ఇవాళ్టికి తొమ్మిది, పది వారాల దూరంలో ఉండేలా చూసుకోండి.

6. డబ్బు

పెద్ద కోరికలకి విడిగా ఒక ఖాతా గానీ, బ్యాంకు యాప్‌లో ఒక రికరింగ్ డిపాజిట్ గానీ తెరిచి, దానికి ఆ కోరిక పేరే పెట్టండి. మొత్తం ఖర్చుని మిగిలిన నెలలతో భాగిస్తే నెలకి ఎంత వేయాలో వస్తుంది. ఆ అంకె మరీ పెద్దదైతే తేదీని ఇంకొన్నాళ్ల తర్వాతకి జరపండి, అప్పు మాత్రం చేయకండి. నెలనెలా ఈఎంఐ కడుతూ తలచుకునే టూర్ ఏం సంతోషం ఇస్తుంది?

కొత్త హాబీ మొదలు పెట్టగానే సామాను కొనేయడం ఇంకో ఉచ్చు. టెంటు, కెమెరా, గిటారు, సైకిల్ ముందు అద్దెకి తీసుకోండి లేదా ఎవరినైనా అడగండి. రెండు మూడుసార్లు వాడాక కూడా ఇంకా కావాలనిపిస్తే అప్పుడు కొనండి. ప్రయాణాలకి సీజన్ అయిపోయే వారం, వారం మధ్య రోజులు చవకగానూ ఉంటాయి, రద్దీ లేకుండానూ ఉంటాయి. విదేశీ ప్రయాణం ఉంటే పాస్‌పోర్టు గడువు ఇవాళే చూసుకోండి. చాలా దేశాలు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలంటాయి. అన్నీ బుక్ చేశాక ఎయిర్‌పోర్టులో ఈ సంగతి తెలియడం కంటే బాధ ఇంకోటి లేదు.

7. మొదటిది ఖర్చు లేనిది ఎంచుకోండి: ఉల్కల రాత్రి

జాబితాకి ఊపు రావాలంటే మొదటి టిక్ త్వరగా పడాలి. నేను ఎవరికైనా మొదట చెప్పేది ఉల్కాపాతం చూడమనే. టెలిస్కోపు అక్కర్లేదు, టికెట్ అక్కర్లేదు, అనుభవం మాత్రం మనిషిని ఊపేస్తుంది.

ఏటా రెండు రాత్రులు బాగా నమ్మదగ్గవి. పెర్సీడ్స్ ఆగస్టు 12, 13 తేదీల ప్రాంతంలో, జెమినిడ్స్ డిసెంబరు 13, 14 తేదీల ప్రాంతంలో పతాక స్థాయికి చేరతాయి. మొదటివి స్విఫ్ట్-టటిల్ అనే తోకచుక్క వదిలిన ధూళి. రెండోవి ఫేథాన్ అనే గ్రహశకలం నుంచి వస్తాయి. తేదీ చూసుకోగానే చంద్రుడు ఆ రోజు ఎలా ఉంటాడో చూడండి. పున్నమికి దగ్గరైతే ఆ ఏడాది వదిలేయడమే మంచిది, అమావాస్య దగ్గరైతే సెలవు పెట్టి మరీ వెళ్లండి.

ఊరి వెలుతురుకి దూరంగా, చుట్టూ ఆకాశం విప్పారి కనిపించే చోటు ఒకటి పగలే చూసి పెట్టుకోండి. అక్కడ రాత్రిపూట ఉండొచ్చో లేదో కూడా కనుక్కోండి. చాప, దిండు, ఆగస్టు అయినా సరే ఒక దుప్పటి తీసుకెళ్లండి. కదలకుండా పడుకున్న ఒంటికి చలి త్వరగా తెలుస్తుంది. వెల్లకిలా పడుకోండి. ఫోన్ జేబులో పెట్టి తీయకండి, ఎందుకంటే చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది, ఒక్కసారి స్క్రీన్ చూశారంటే మళ్లీ మొదటికి వస్తారు. దారి చూసుకోడానికి ఎర్ర కాగితం చుట్టిన టార్చి ఉంచుకోండి.

మొదటి పావుగంట ఏమీ కనపడదు. పిల్లలు ఉంటే 'ఏదీ, ఎక్కడ' అని గొడవ చేస్తారు. తర్వాత ఒక మూల నుంచి సన్నటి గీత గీసినట్టు ఒకటి జారుతుంది. చూశారా లేక కళ్లు భ్రమపడ్డాయా అని అనుమానం వస్తుంది. రెండోది వచ్చినప్పుడు పక్కవాళ్లు కూడా 'అదిగో' అంటారు, అప్పుడు నమ్మకం కుదురుతుంది. అర్ధరాత్రి దాటాక జోరు పెరుగుతుంది. ఆ వేళకి మనం ఉన్న వైపు, భూమి ప్రయాణిస్తున్న దిశకేసి తిరుగుతుంది కాబట్టి ధూళి ఎక్కువగా ఎదురొస్తుంది. గంటకి వంద ఉల్కలు అని చెప్పేది పూర్తి చీకట్లో, ఆకాశమంతా కనిపించే చోట వేసిన లెక్క. అందులో సగం కనిపించినా మీ అదృష్టమే. తెల్లారి ఇంటికొచ్చి టిక్ పెట్టండి.

8. ఒంటరిగానా, తోడుతోనా?

ప్రతి కోరిక పక్కన ఒక పేరు రాయండి. కొన్నిటి పక్కన మీ పేరు ఒక్కటే ఉండాలి. 'ఎవరైనా వస్తే వెళ్దాం' అని ఆగిన కోరికలు ఆ ఎవరైనా రాకముందే పాతబడిపోతాయి. ఒక్కరే వెళ్లడం భయంగా ఉంటే చిన్నగా మొదలు పెట్టండి. పగటి ఆట సినిమాకి ఒక్కరే వెళ్లండి. తర్వాత ఒక మ్యూజియం, తర్వాత ఒక పగలంతా కొత్త ఊళ్లో, ఆ తర్వాత ఒక రాత్రి బస. అందరూ మననే చూస్తారేమో అన్న టెన్షన్ సినిమా మొదలైన పది నిమిషాల్లో పోతుంది.

తోడుతో వెళ్లేవాటికి, ఆ పనిని మీ అంత కోరుకునే మనిషినే ఎంచుకోండి. బలవంతం మీద వచ్చినవాళ్లు సగం దారిలో అలసిపోతారు, మిగతా సగం మీరు వాళ్లని బుజ్జగించడంలో గడుపుతారు. ఇంట్లో కూడా ఒక్కొక్కరి జాబితా విడిగా రాసి, కలిసేవి ఏవో చూసుకోండి. భర్త జాబితాలో, భార్య జాబితాలో ఒకటే కోరిక దొరికితే అది ఈ ఏడాదే చేయండి.

9. భయం వేరు, జాగ్రత్త వేరు

కొత్త పని ముందు గుండె దడదడలాడడం మామూలే, దాని కోసం ఆగక్కర్లేదు. కొన్ని నియమాల్ని మాత్రం ఎంత ధైర్యవంతులైనా దాటకూడదు.

ఎత్తైన కొండలకి వెళ్తే, 3000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ఎత్తుని రోజుకి 500 మీటర్లకి మించి పెంచకండి, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు విశ్రాంతి తీసుకోండి. తలనొప్పి, వికారం మొదలైతే ఇంకా పైకి ఎక్కకండి. తగ్గకపోతే కిందికి దిగడమే మందు. యువకులం, జిమ్ చేస్తాం అన్న ధీమా ఇక్కడ పనికిరాదు, ఎత్తు ఎవరి కండల్నీ చూడదు.

స్కూబా డైవింగ్ టూర్ చివరి రోజున పెట్టుకోకండి. లోతులో ఉన్నప్పుడు నైట్రోజన్ శరీరంలో కరుగుతుంది. అది పూర్తిగా బయటికి పోకముందే విమానం ఎక్కితే, అక్కడ గాలి పీడనం తక్కువ కాబట్టి లోపల బుడగలు కడుతుంది. ఒకటికి మించి డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలన్నది డైవర్లు పాటించే నియమం. కాబట్టి డైవింగ్ ముందు, ఊరు చూడడం తర్వాత.

సాహస క్రీడ ఏదైనా సరే, ఆపరేటర్ లైసెన్స్ అడగండి, మీ ఇన్సూరెన్స్ దానికి వర్తిస్తుందో లేదో చదవండి. బీపీ, గుండె, వెన్ను సమస్యలుంటే ముందే డాక్టర్‌ని కలవండి. ప్రశ్నలు వేస్తే విసుక్కునే ఆపరేటర్ దగ్గర తాడు కట్టించుకోకండి.

10. ఆ రోజు

ఆకాశం మీద, గాలి మీద ఆధారపడే పనులకి ఒక రోజు అదనంగా ఉంచుకోండి. హాట్ ఎయిర్ బెలూన్లు ఎక్కువగా సూర్యోదయం వేళే ఎగరేస్తారు. ఎండ ఎక్కితే నేల వేడెక్కి గాలి అస్థిరమవుతుంది. అందుకే బెలూన్ రైడ్‌ని టూర్ మొదటి రోజు తెల్లవారుజామునే బుక్ చేయండి. గాలి ఎక్కువై రద్దు చేస్తే మర్నాడు, ఆ మర్నాడు ఇంకా మిగిలి ఉంటాయి. రద్దు చేసిన పైలట్ మీద కోప్పడకండి, ఆయన తన పని సరిగ్గా చేశాడు.

ఫోటోలు మొదటి ఐదు నిమిషాల్లో తీసేసుకుని ఫోన్ లోపల పెట్టండి. రోజు ఎలా ముగుస్తుందో కూడా కాస్త ఆలోచించండి. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్ బృందం 1993లో చేసిన ఒక ప్రయోగంలో, చన్నీళ్లలో ఒక నిమిషం చెయ్యి పెట్టడం కంటే, అదే నిమిషానికి అదనంగా ఇంకో అరనిమిషం కొంచెం తక్కువ చల్లగా ఉన్న నీళ్లలో పెట్టడాన్నే మళ్లీ చేయడానికి ఎక్కువమంది ఎంచుకున్నారు. మొత్తం బాధ ఎక్కువే అయినా ముగింపు మెరుగ్గా ఉంది, అదే గుర్తుండిపోయింది. అందుకే రద్దీ చోట్లు, క్యూలు, షాపింగ్ పగటి పూట ముగించి, చివరి గంట హాయిగా కూర్చునే చోట గడిపేలా ప్లాన్ చేయండి. రాత్రి బస్సు కోసం పరుగుతో ముగిసిన రోజుని మనసు పరుగుగానే దాచుకుంటుంది.

11. రాసుకోండి, కొట్టేయండి, జరపండి

ఇంటికొచ్చిన రోజే నాలుగు లైన్లు రాయండి. తేదీ, ఎవరితో, ఏది అనుకున్నట్టు లేదు, మళ్లీ చేస్తారా. 'బాగుంది' అని రాయకండి. ఏం వాసన వచ్చింది, ఎవరు ఏమన్నారు, ఎక్కడ భయం వేసింది, అవి రాయండి. ఏళ్ల తర్వాత చదివినప్పుడు ఆ రోజుని వెనక్కి తెచ్చేవి అవే.

ఆరు నెలలకోసారి జాబితా అంతా చదవండి. వరసగా రెండు సార్లు తేదీ మార్చినది ఏదైనా ఉంటే దానితో తేల్చుకోండి: చిన్నది చేయాలా, వేరే మనిషి కావాలా, లేక ఆ కోరికే ఇప్పుడు లేదా? ఇరవై ఏళ్ల వయసులో మోటార్ సైకిల్ మీద దేశం చుట్టాలనుకున్న మనిషికి నలభైలో ఒక తోట పెంచాలని ఉండొచ్చు. పాతది కొట్టేస్తే ఓడిపోయినట్టు కాదు. కొట్టేసిన చోట కొత్తది రాయండి. దాని పక్కన గడువు, ఒక పేరు, ఈ శనివారం చేయాల్సిన ఐదు నిమిషాల పని కూడా రాసి, అప్పుడు నోట్‌బుక్ మూయండి.